పుస్తకాలు తిరిగివ్వనివారు

ఖరిదాలోని ఆ చిన్న తెలుగు గ్రంథాలయానికి ఫేస్‌బుక్ పేజీ తెరిచి, పుస్తకాల ఫొటోలు పెట్టడం నేర్చుకోమని కార్యదర్శి చక్రధర్ హుకుం జారీ చేసేసరికి లైబ్రేరియన్ శేషారత్నానికి ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా ఆమెకు తెలిసిన ప్రకటన ఒక్కటే: పుస్తకాలు తిరిగివ్వనివారి పేర్లు రాసి గుమ్మం పక్క బోర్డుకి అంటించడం. ఆ బోర్డు వైపు కన్నెత్తి చూసినవాడు లేడు.

సహాయకురాలు షైని ఓపిగ్గా రెండు రోజులు నేర్పింది. మూడోనాడు శేషారత్నం ఆ జాబితాకే ఫొటో తీసి పేజీలో పెట్టేసింది.

"ఏటి సేసినారు దీదీ? ఊరంతా సూసేస్తారు," అంది షైని కంగారుగా.

"సూడమనే కదా పెట్టినాను."

సాయంత్రానికల్లా సాలువా నుంచి ఒకరు, సుభాష్‌పల్లి నుంచి ఇద్దరు తలలు వంచుకుని పుస్తకాలు తెచ్చారు. వారం తిరిగేసరికి ఇరవై మూడు పుస్తకాలు బీరువాలోకి చేరాయి.

ఆఖరున చక్రధర్ వచ్చాడు, పదకొండేళ్ల కిందట పట్టుకెళ్లిన నవల చంకలో పెట్టుకుని.

"నా పేరు తీసెయ్యండమ్మా," అని గొణిగాడు.

"అలాగే బాబూ. ముందు ఆ పుస్తకం పట్టుకుని ఇలా నిలబడండి," అంటూ శేషారత్నం ఫోను ఎత్తింది. "ఫొటోలు పెట్టమన్నది మీరే కదా."