మూడో ఎపిసోడ్ తర్వాత ఆ అమ్మాయి

థాయిలాండు సీరియళ్ళలో ఎవరికీ బస్సు తప్పిపోదు. ఇద్దరు అబ్బాయిలు ఇంజనీరింగు కాలేజీలో చదువుతుంటారు, కానీ పుస్తకం తెరిచినట్టు కనపడదు. వానలో తడుస్తారు. మర్నాడు ఒకడికి జ్వరం వస్తుంది, రెండోవాడు పక్కన కూర్చుని తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తాడు. జ్వరమని పనికి పోకపోతే ఆ రోజు కూలి పోతుందని ఎవరూ అనరు. మంచి ఏడుపు సీను మధ్యలో ఆగి ముఖానికి ఏదో క్రీము రాసుకుంటారు, దాని డబ్బా మనకు కనపడేటట్టు పట్టుకుని మరీ.

అయినా చూస్తాను. పొద్దున మా ఊరు హిమాయత్‌నగర్‌లో, పట్నంలోది కాదు, షేర్ ఆటో ఎక్కి, మొయినాబాద్ అవతల పూలతోట దగ్గర దిగేలోపు ఒక ముక్క, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఇంకో ముక్క. తోటలో జర్బెరా పూలు పండిస్తారు, ప్లాస్టిక్ కప్పిన పెద్ద షెడ్లలో. నాది ప్యాకింగు పని. పువ్వు తలకు చిన్న తొడుగు వేసి, కట్ట కట్టి, నీళ్ళ బకెట్లో నిలబెట్టాలి. సాయంత్రానికి కాళ్ళు నావి కానట్టు ఉంటాయి. ఆటోలో కూర్చునే చోటు దొరికితే చాలు, ఫోన్లో ఏది నడిచినా చూస్తాను.

ఇవి నాకు అలవాటు చేసింది వనిత. ప్యాకింగు బల్లకు అటు వైపు నిలబడి పని చేస్తుంది. మగపిల్లలు మగపిల్లల్నే ప్రేమించుకునే కథలేమిటని మొదట నేను సిగ్గుపడ్డాను. వనిత చేతిలోని పూలు ఆపకుండా చెప్పింది: "ఆడోళ్ళు ఏడ్సుడు సూసి సూసి ఇసుగొచ్చింది పిల్లా. వీట్ల మొగోళ్ళు ఏడుస్తరు. జర పానానికి సల్లగుంటది."

మాటలు థాయి భాషలో ఉంటాయి, కింద రాత ఇంగ్లీషులో. నేను చదివింది మా ఊరి బడిలో. ఇంగ్లీషు చదవగలను గానీ నిదానంగా. వాక్యం సగంలో ఉండగానే అది పోయి ఇంకోటి వచ్చేస్తుంది. కొన్నాళ్ళు ఆపి ఆపి చదివాను. తర్వాత విసుగొచ్చి రాత వదిలేసి ముఖాలు చూడటం మొదలుపెట్టాను. ముఖాలు చూస్తే కథ మొత్తం తెలిసిపోతుంది. ఒకడు గదిలోకి రాగానే రెండోవాడు అటు చూడడు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో వాడి మెడలో కనపడుతుంది.

నచ్చినవీ ఉన్నాయి. తమకంటే పెద్దవాళ్ళను వాళ్ళు ఊరికే పేరు పెట్టి పిలవరు, పేరు ముందు 'ఫీ' అంటారు, మనం అన్న అన్నట్టు. కోపంలో కూడా ఆ ముక్క వదలరు. ఎవరైనా ఇంటికి వస్తే తిన్నావా అని అడుగుతారు. అంత దూరపు దేశంలో కూడా మొదటి మాట అదే కావడం నాకు బాగుంటుంది.

నాకు అసలు నచ్చనిది ఆ అమ్మాయి సంగతి. దాదాపు ప్రతి సీరియల్లో ఒకతి ఉంటుంది. ఇద్దరిలో ఒకడికి ఇంట్లో వాళ్ళు కుదిర్చిన పిల్ల. ఆమెను చెడ్డదాన్ని చేస్తే పని తేలిక, ఎవరో ఒకరు నాలుగు మాటలు అని పంపించేస్తారు. మంచిదైతే ఇంకా తేలిక. నువ్వు సంతోషంగా ఉంటే అదే చాలు అని నవ్వి కారెక్కుతుంది. మూడో ఎపిసోడ్ తర్వాత ఇక కనపడదు. ఆ కారు ఎక్కడికి పోయింది, ఇంట్లో వాళ్ళమ్మ ఏమంది, తెల్లారి ఆమె పనికి పోయిందా లేదా, ఎవరూ చూపించరు. ఈ మాట అంటే వనిత నవ్వింది. "కథ ఆమెది కాదు గద," అన్నది.

అప్పటికి నాకు ప్రధానం అయి వారం. ప్రధానమంటే మా క్రైస్తవుల్లో నిశ్చితార్థం. అబ్బాయి సుకుమార్, మా బాపుకు వరసకు చెల్లెలయ్యే ఆమె కొడుకు. నాకు బావ. కొండకల్ వైపు ఒక కంపెనీలో ఉద్యోగం. వాళ్ళ నాన్న ప్రేమదాసు మామ మా చర్చి సంఘంలో పెద్ద. బావ ఎక్కువ మాట్లాడడు, నేనూ మాట్లాడను. ఇద్దరం మాట్లాడకుండా హాయిగా బతకొచ్చని నేను సంతోషపడ్డాను.

బావ ఎక్కడుంటే అక్కడ ప్రశాంత్ ఉంటాడు. చేవెళ్ళలో పట్వారీలని పేరున్న పాత రైతు కుటుంబం వాళ్ళది, హిందువులు. వాళ్ళమ్మ గోపమ్మ ఒకసారి ఊరికి సర్పంచిగా కూడా చేసింది. ఇద్దరూ చేవెళ్ళలో ఇంటర్ కలిసి చదివారు, అప్పటి నుంచి ఒకటే బండి మీద తిరుగుతారు. మా పెళ్ళికి ఫంక్షన్ హాలు మాట్లాడింది ప్రశాంతే. ప్రధానం నాడు బావకు పెట్టే ఉంగరం కొనడానికి మా బాపు కొలత మరిచిపోయి దుకాణానికి వస్తే, ప్రశాంత్ తన వేలికి పెట్టుకుని చూసి, సరిపోతుందని చెప్పాడు. సరిపోయింది.

మా అమ్మ ప్రేమమ్మకు నా సీరియళ్ళంటే గౌరవం. ఆడపిల్లల వెంట ఎవరూ పడని సీరియల్లో చెడు ఏముంటుందని ఆమె లెక్క. చర్చి స్త్రీల సమాజంలో కూడా చెప్పుకుంది, మా ఎస్తేరు పిచ్చి పిచ్చి ప్రేమ సినిమాలు చూడదు, దోస్తుల కథలు చూస్తుందని. ఆదివారం మధ్యాహ్నం చింతపండులో గింజలు తీస్తూ నా పక్కన కూర్చుని ఆమె కూడా చూసేది. థాయి రాదు, ఇంగ్లీషు రాదు.

మొదటి చాటింపు అయిన ఆదివారం కూడా అట్లాగే కూర్చున్నాం. మా సంఘంలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు పాస్టరు అయ్యగారు ఆరాధనలో పేర్లు చదువుతారు. ఫలానా అబ్బాయి, ఫలానా అమ్మాయి వివాహమాడబోతున్నారు, దీనికి అడ్డు ఏదైనా ఎరిగినవారు ఇప్పుడే చెప్పవలెను అని. ఎవరూ ఎప్పుడూ ఏమీ చెప్పరు. చదివినాక ఒక్క నిమిషం చర్చి అంతా ఊరికే ఉంటుంది, తర్వాత కానుకల పాట ఎత్తుకుంటారు.

ఫోన్లో ఒకడు బండి మీద వచ్చి రెండోవాడి ఇంటి ముందు ఆగాడు. లోపలివాడు కిటికీ దగ్గరికి వచ్చి, తెర వేసేశాడు. అమ్మ గింజ తీసి పళ్ళెంలో వేస్తూ అన్నది, "వీళ్ళు మన సుకుమార్, ప్రశాంత్ లెక్కనే ఉన్నరు గదనే."

"ఎట్ల?" అన్నాను.

"గదే. ఒకడు రాంగనే ఇంకొకడు మొకం తిప్పుకుంటడు. పోంగనే సూస్తడు. కొట్లాడుకున్నరేమో పాపం."

అమ్మ చింతపండు గంప తీసుకుని లోపలికి పోయింది. నేను ఫోన్ ఆపి, ఆగిపోయిన బొమ్మను చాలాసేపు చూశాను.

తర్వాతి ఆదివారం రెండో చాటింపు. నేను పాటల పుస్తకం తెరిచి పెట్టుకుని మగవాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను. అయ్యగారు సాముయేలు మా పేర్లు చదివారు. బావ తల ఎత్తి గుమ్మం వైపు చూశాడు. గుమ్మం బయట, చెప్పుల దగ్గర, ప్రశాంత్ నిలబడి ఉన్నాడు. చర్చిలోకి రాడు, ఆరాధన అయ్యేదాకా బయటే ఉంటాడు. చేతిలో బండి తాళం పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. పేర్లు చదవడం అయిపోయినా, పాట మొదలైనా తల ఎత్తలేదు. అతని మెడ చూశాక నాకు ఇక చదవాల్సింది ఏమీ మిగల్లేదు.

కోపం రావాలని చూశాను. రాలేదు. రోజంతా నిలబడి ప్యాకింగు చేశాక, ఆటో వచ్చే వేళకు ఎవరో ఇంకో బకెట్టు తెచ్చి ముందు పెట్టినట్టు ఉంది.

బుధవారం పెళ్ళికి తెల్లచీర కొనడానికి చేవెళ్ళ పోయాం. అమ్మ, అత్తమ్మ దుకాణంలో కూర్చుని చీరలు విప్పిస్తున్నారు. బావ బయట షట్టరు నీడలో నిలబడ్డాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. రోడ్డుకు అవతల ప్రశాంత్ బండి మీద కూర్చుని ఫోను చూస్తున్నాడు. చాలాసేపటి నుంచి అతని వేలు కదలడం లేదు.

నా ఫోన్ తీసి బావకు చూపించాను. బస్సులో ఒకడు రెండోవాడి భుజం మీద తల పెట్టి నిద్రపోతున్న బొమ్మ. బావ చూశాడు. తర్వాత రోడ్డు అవతలికి చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు.

"గిసొంటియి ఎందుకు చూస్తవ్?" అన్నాడు.

"మంచిగనే ఉంటయి బావా. గాని పెండ్లి కుదిరిన పిల్లను నడుమల వదిలేస్తరు. అదొక్కటే నాకు నచ్చదు."

పరిగి బస్సు ఒకటి హారన్ కొడుతూ పోయింది. దాని దుమ్ములోనే బావ నా పక్కకు జరిగాడు.

"ఎవరికన్న చెప్పినవా?" అన్నాడు.

ఏం చెప్పాలి, దేని గురించి అని నేను అడగలేదు. నేను తల అడ్డంగా ఊపాను.

"చెప్పకు ఎస్తేరూ. మా బాపు బతకడు." చెప్పుతో నేల గీస్తూ అన్నాడు, "పెండ్లైతే అంత సర్దుకుంటదనుకున్న."

"ఎవరికి సర్దుకుంటది?"

బావ చెమట తుడుచుకున్నాడు. ఆడపిల్ల వద్దంటే పెళ్ళి ఆగిపోతుందని, తను అంటే ఎందుకని అడుగుతారని, అడిగితే తనకు అబద్ధం రాదని మెల్లగా చెప్పాడు. నాకు మాత్రం అబద్ధం వస్తుందని ఎట్లా అనుకున్నాడో అడగలేదు. ఇంతలో అమ్మ లోపలి నుంచి పిలిచింది. చీర కొన్నాం. అంచు చాలా సన్నగా, బాగుంది.

శనివారం దాకా ఆలోచించాను. నేను నవ్వి కారెక్కే మనిషిని కాదు, మాకు కారు లేదు. నేను ఈ పెళ్ళి వద్దనుకున్నది వాళ్ళిద్దరూ సంతోషంగా ఉండాలని కాదు, వాళ్ళు ఎట్లా ఉంటారో నాకు తెలియదు కూడా. నా ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి బతుకంతా ఎటో చూడకుండా ఉండటానికి కష్టపడుతుంటే, అది నేను రోజూ చూస్తుండాలి. ముఖాలు చదవడం వచ్చాక రానట్టు బతకడం నా వల్ల కాదు. అంతే.

అమ్మకు, బాపుకు చెప్పాను, నాకు ఈ పెళ్ళి ఇష్టం లేదని. బాపు తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. అమ్మ ముందు నమ్మలేదు, తర్వాత ఏడ్చింది, తర్వాత ఎవడున్నాడో చెప్పమని నా ఫోన్ గుంజుకుంది. ఎవడూ దొరక్కపోగా వనిత పంపిన బొమ్మలన్నీ దొరికాయి.

"ఇంతమంది మొగపిలగాండ్ల ఫొటోలేందే నీ ఫోన్ల?" అన్నది.

నాకు ఆ బాధలోనూ నవ్వొచ్చింది. అమ్మకు రాలేదు.

అయ్యగారి ఇంటికి నేనే నడిచి వెళ్ళాను. మూడో చాటింపు చదవొద్దని చెప్పాను. అబ్బాయిలో ఏమైనా లోపం తెలిసిందా అని అడిగారు, తాగుతాడా, వేరే పిల్ల ఉన్నదా అని. లేదన్నాను. వేరే పిల్ల లేదన్నది నిజమే. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"కారణం లేకుంటె మాట నీ మీదనే ఉంటది బిడ్డా. ఇది చిన్న మాట గాదు."

"ఉండనీయుండ్రి అయ్యగారూ," అన్నాను.

సాయంత్రం ప్రేమదాసు మామ వచ్చాడు, బావను వెంటబెట్టుకుని. మా పిల్లవాడిలో ఏం తక్కువైందో చెప్పమన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. పెద్దమనిషి గొంతు వణుకుతుంటే వినడం కష్టం. సీరియల్లో అయితే బావ అప్పుడు లేచి నిలబడి, తప్పు ఆమెది కాదు, నాది అనేవాడు, వెనక సంగీతం వచ్చేది. బావ తల దించుకుని టీ తాగాడు. నేను పెట్టిన టీయే. గ్లాసు కింద పెట్టేటప్పుడు ఒక్కసారి నా వైపు చూశాడు. ఆ చూపులో దండం ఉంది, భయం ఉంది. నేను గ్లాసు తీసుకుని లోపలికి పోయాను. గేటు బయట బండి చప్పుడు వినిపించింది, ఎవరో చాలాసేపటి నుంచి ఆపకుండా ఉంచిన బండి.

ఆదివారం చర్చికి వెళ్ళాను. పోకపోతే ఇంకో మాట పుడుతుంది. అయ్యగారు ప్రకటనలు చదివారు. మంగళవారం ఫలానా వారి ఇంట్లో ప్రార్థన, వచ్చే నెల కోత పండుగకు ఎవరి వంతు కూరగాయలు వాళ్ళు తేవాలి. మా పేర్లు రావాల్సిన చోట ఆయన కాగితం మడిచి పక్కన పెట్టారు. చర్చి అంతా ఊరికే ఉంది, ప్రతిసారీ ఉండే నిమిషం కంటే ఎక్కువసేపు. ముందు వరుసలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను వాళ్ళ ముఖాలు చూశాను. తర్వాత పాట ఎత్తుకున్నారు. గుమ్మం బయట చెప్పుల దగ్గర ఎవరూ లేరు.

ఇంటికొచ్చాక అమ్మ నాతో మాట్లాడలేదు. అన్నం వండింది, పెట్టింది, బాపుకు వేరేగా పెట్టింది. మధ్యాహ్నం చాట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. నా ఫోన్ ఇంకా ఆమె కొంగు ముడిలోనే ఉంది. నేను గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకున్నాను. రేపు పనికి పోవాలి. వనిత అడుగుతుంది, ఏదో ఒకటి చెప్పాలి.

చాలాసేపటికి అమ్మ చాట మీద నుంచి తల ఎత్తకుండానే మాట్లాడింది.

"ఆ సీరియల్ల, ఒక పిల్ల ఉండె గద. పసుపుపచ్చ గౌను పిల్ల. పెండ్లి కుదిరిందని అనుకుంటిమి."

"ఆఁ."

"మల్ల ఏమైంది ఆ పిల్ల?"

"తర్వాత చూపియ్యరమ్మా."

అమ్మ ఒక రాయి ఏరి పక్కన పడేసింది. ఇంకోటి ఏరింది.

"గట్లెట్ల చూపియ్యరు," అన్నది. "యాడనో ఓ కాడ ఉంటది గద."

కొంగు ముడి విప్పి, ఫోన్ తీసి, నా వైపు చూడకుండా చాప మీద నుంచి జరిపింది. చార్జింగు అయిపోయి ఉంది. నేను లేచి ప్లగ్గులో పెట్టి, చాటకు ఇంకో కొస పట్టుకుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను.