రాళ్ళు తప్పిన బండిజాడ

కోడుమూరు బండిదారి కర్నూలు రోడ్డును దాటే చోట దేవేంద్రప్ప రాళ్ళు పాతించి నెల కావస్తోంది. ఆ వేరుసెనగ వ్యాపారి ఊరికే ఏ పనీ చెయ్యడు. మధ్యాహ్నపుటెండకు బండి తోలేవాళ్ళు కునుకు తీస్తారు. ఎద్దులు తెలిసిన దారేనని నడిచిపోతాయి. జొన్నచేను చాటునుంచి బస్సు మీదికి వచ్చేదాకా కనబడదు. అట్లా పోయిన సంవత్సరం ఒక బండి నుజ్జయింది. రోడ్డుకు రెండువైపులా, కాస్త ముందుగానే, దారికి అడ్డంగా నాపరాళ్ళు వరుసలుగా లేపి పాతితే చక్రం ఎగిరిపడుతుంది, తోలేవాడు మేలుకుంటాడు. అదీ అతని లెక్క.

ఆరోజు భార్య గిడ్డమ్మ పుట్టింటినుంచి వస్తోంది. బండి తోలేది చిన్న ఈరన్న. కూర్చుంటే చాలు, నిద్రపోతాడు.

ఎదురు చూడ్డానికి వచ్చిన దేవేంద్రప్ప వంగి రాళ్ళు తడిమాడు. ఇన్నాళ్ళయినా బండిచక్రాల ఇనుపకమ్మి గీత ఒక్కటీ లేదు. పక్కకు చూస్తే, రాళ్ళు అయిపోయిన చోట నేలలో లోతుగా చక్రాల జాడ.

"ఎద్దులకు కాళ్ళు నొప్పి గదా సావుకారప్పా, పక్కకు దిగి పోతాండాయి," అని నవ్వింది అక్కడే కంచె వేసుకుని మజ్జిగ అమ్మే రత్నమణి. "తోలేటోళ్ళకు నిద్ర చెడేదే లేదు!"

దూరంగా దుమ్ము లేచింది. తల వేలాడేసిన ఈరన్న కనబడ్డాడు. అప్పుడే చేను అవతల బస్సు మోత వినిపించింది.

"ఈరన్నా! లెయ్‌రా!"

ఎదురుగాలికి కేక చేరలేదు. దేవేంద్రప్ప రత్నమణి కంచెలోని ముళ్ళకంపను వట్టి చేతులతో ఊడబెరికి, పక్కజాడకు అడ్డంగా ఈడ్చాడు. ఎద్దులు దాన్ని చూసి తడబడి, రాళ్ళమీదికే తిరిగాయి. చక్రాలు దడదడలాడాయి. ఈరన్న ఉలిక్కిపడి పగ్గాలు గుంజాడు. బస్సు ఎద్దుల ముట్టెల ముందునుంచే దూసుకుపోయింది.

"ఏమయ్యా, నా నడుము ఇరగ్గొట్టేకా ఈ రాళ్ళు ఏపిచ్చినావు?" బండిలోంచి గిడ్డమ్మ అరిచింది.

దేవేంద్రప్ప ఈరన్నను బండి దిగమని సైగ చేశాడు.

"నిద్రపోలేదు సావుకారప్పా, కండ్లు మూసుకుంటి, అంతే," అన్నాడు ఈరన్న.

"ఆ కండ్లు తెరిచి కంప పట్టు. బిరీన రా!" అన్నాడు దేవేంద్రప్ప.

రోడ్డుకు అవతల కూడా రాళ్ళ పక్కన అదే జాడ. అరచేతుల్లో నెత్తురు తుడుచుకోకుండానే దేవేంద్రప్ప ఇంకో కంప ఈడ్చుకుంటూ రోడ్డు దాటాడు. ఆ దారిలో మరో బండి వస్తోంది. తోలేవాడు మేలుకుని ఉన్నాడో లేదో ఇక్కడినుంచి తెలియడం లేదు.