కాలరు కింద చీటీ

మూడు నెలలు దేశాలు తిరిగొస్తానని మా అమ్మాయి చెప్పిన రోజే నేను పని మొదలుపెట్టాను. తెల్లటి నాడా కొని బెత్తెడేసి ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మీద ఎర్రదారంతో మా షాపు అడ్రసూ, ఫోను నంబరూ కుట్టాను. మొత్తం పదకొండు చీటీలు. కోటు కాలరు కింద ఒకటి, స్వెట్టర్లకు రెండు, ప్యాంట్లకు నాలుగు, ఇలా తువ్వాలు దాకా వచ్చాను. సాక్సులకు కూడా వేద్దును గానీ నాడా అయిపోయింది.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. నాది బట్టలు సరిచేసే షాపు. ప్యాంటు పొడవు తగ్గించడం, జిప్పు మార్చడం, ఒళ్లు చేసినవాళ్లకు నడుం వదులు చేయడం, ఆ సంగతి రెండో మనిషితో అనకపోవడం, ఇదీ పని. వచ్చిన ప్రతి బట్టకూ లోపలివైపు ఒక గుడ్డచీటీ వేసి ఎవరిదో రాస్తాం. కాగితమైతే ఇస్త్రీలో పోతుంది, గుండుసూదైతే గుచ్చుకుంటుంది. అందుకని కచ్చా కుట్టు. ఇరవై ఎనిమిదేళ్లలో మా షాపులో ఒక్క బట్ట తప్పిపోలేదు. బట్టకు పనికొచ్చింది పిల్లకు పనికిరాకపోతుందా అనుకున్నాను. కాకపోతే పిల్ల కనుక కచ్చా కుట్టు మీద వదిలేయకుండా మిషను మీద రెండుసార్లు గట్టి కుట్టు వేశాను.

"నేనేమన్నా తప్పిపోయే మేకపిల్లనా అమ్మా" అంది.

"మేకపిల్లయితే అరుస్తుంది. నువ్వు ఫోను కూడా ఎత్తవు" అన్నాను.

దాని ప్రయాణంలో ఏమేం జరగొచ్చో నాకు వరసగా తెలుసు. పడవ మునగొచ్చు. కొండ విరిగి రోడ్డు మీద పడొచ్చు. జ్వరం రావచ్చు, ఆ ఊళ్లో డాక్టరు ఆ వారమే పెళ్లికి వెళ్లుండొచ్చు. పాసుపోర్టు ఉన్న సంచీ పోవచ్చు, పోయిందని చెప్పాల్సిన ఆఫీసుకు సెలవు కావచ్చు. ఎవరైనా మంచిగా మాట్లాడొచ్చు. అన్నిటికన్నా ఈ ఆఖరిదానికే ఎక్కువ భయపడ్డాను.

ఇవన్నీ దాటి అది ఇంటికి రావలసిన రోజు ఒకటుంది. మా ఊరి పెద్దాసుపత్రిలో, రక్తపరీక్షల గదిలో దానికి ఉద్యోగం వచ్చింది. చేరవలసింది ఫలానా నెల మొదటి సోమవారం. ఆ రోజుకు రాకపోతే పేరు కొట్టేసి తరువాతి మనిషిని పిలుస్తారు. "ఆ సోమవారం పొద్దున నా కళ్ల ముందు టిఫిను తిని వెళ్లాలి" అని చేతిలో చెయ్యి వేయించుకున్నాను. షాపు క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ బట్టల మీద గీసే సుద్దతో గీత గీశాను. సుద్ద గీత రెండు రోజులకే చెరిగిపోతుంది. మళ్లీ గీసేదాన్ని.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. కంగారు ఆయన వంటికి పడదు. "నువ్వీ దేశానికి ఎలా వచ్చావో ఒకసారి గుర్తు తెచ్చుకోవోయ్" అన్నారు.

గుర్తు తెచ్చుకునే శ్రమ నాకెప్పుడూ లేదు. ఆయన మరిచిపోనిస్తేగా.

అప్పుడు నాకు ఇరవై రెండు. పదో తరగతి, కుట్టుపని, అంతే నా చదువు. ఒక నాటక బృందం ఈ దేశంలో ఐదు ఊళ్లలో ఆడడానికి వస్తూ, వేషాలు చిరిగితే కుట్టడానికి నన్ను వెంట తెచ్చుకుంది. బయలుదేరేటప్పుడు మా అమ్మ మూడు మాటలు చెప్పింది. తెలియనివాళ్లతో మాట్లాడకు. తెలియనివాళ్లు ఇచ్చింది తినకు. ఎక్కడికైనా ముందే చేరుకో. ఇరవై రోజులూ మూడూ పాటించాను. ఆఖరి రోజు తెరలూ కిరీటాలూ నింపితే వ్యానులో నాకు చోటు మిగల్లేదు. మేనేజరు నన్ను సిటీ బస్సు ఎక్కించి, పద్నాలుగో స్టాపు విమానాశ్రయం, లెక్కపెట్టుకుంటూ వచ్చేయమన్నాడు.

నేను పైకే లెక్కపెడుతున్నాను. తొమ్మిది, పది. పదకొండు దగ్గర బస్సు ఆగగానే డ్రైవరు వెనక్కి తిరిగి, "ఇంకా మూడు స్టాపులున్నాయండీ, కూర్చోండి" అన్నాడు. అప్పటికి మా ఆయన కాడు కనుక అన్నాడనే రాస్తున్నాను. ముక్కూ మొహం తెలియని దేశంలో, అడక్కుండానే తెలుగులో మాట్లాడాడంటే వీడెవడో మనవాళ్లను మోసం చేయడానికే తెలుగు నేర్చుకున్నవాడని తేల్చుకున్నాను. ఇంకో మాట అనేలోపు దిగిపోయాను.

వాన. తరువాతి బస్సు గంటకు గానీ రాలేదు. విమానం మాత్రం సమయానికే వెళ్లిపోయింది.

ఒక షాపు చూరు కింద నిలబడి వణుకుతుంటే లోపల్నించి ఒక పెద్దావిడ వచ్చి నా చెయ్యి పట్టుకు లాక్కుపోయింది. ముక్కు మీద ఒక కళ్లజోడు, నెత్తి మీద ఇంకోటి. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకు రాదు. తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చింది, టీ ఇచ్చింది. తాగాను. తరువాత లైనింగు ఊడిన కోటొకటి ఒళ్లో పడేసి చేతికి సూదిచ్చింది. నాలుగు కుట్లు పడేసరికి చేతుల వణుకు తగ్గింది, లైనింగు అయ్యేసరికి ఏడుపు కూడా ఆగింది. సాయంత్రం డ్యూటీ దిగి ఆ డ్రైవరు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చూడగానే మిషను వెనక దాక్కున్నాను.

మళ్లీ టికెట్టు దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆవిడ ఇంట్లో పడుకుని, ఆవిడ పెట్టింది తిని, జిప్పులు మార్చాను. రెండేళ్ల తరువాత ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, చేతులు సహకరించడం లేదు రమ్మని. రాసిపెట్టింది డ్రైవరు. ఆ తరువాత ఇంకేముంది, షాపు నాదైంది, డ్రైవరు మా ఆయనయ్యారు. మా అమ్మ చెప్పిన మూడింటిలో ఆ రోజు నేను పాటించింది ముందే చేరుకోమన్న ఒక్కటి, అదీ మూడు స్టాపుల ముందే దిగి. దానివల్ల విమానం తప్పింది. కాదని చేసిన రెండింటి మీద ఇల్లూ సంసారమూ నిలబడ్డాయి.

ఇవన్నీ కన్నపిల్లకు చెప్పే సంగతులు కావు. వాళ్ల నాన్న చెప్పారు.

"అయితే నేనూ మూడు స్టాపులు ముందే దిగుతానమ్మా" అని నవ్వి, పదకొండు చీటీలతో అది వెళ్లిపోయింది.

ఏడో వారం, మధ్యాహ్నం పూట షాపు ఫోను మోగింది. ఎవరో ఆడమనిషి, తెలియని గొంతు. ఆవిడ మాటల్లో నాకు మొదట అర్థమైంది 'కోటు' ఒక్కటే. చేతిలో కత్తెర కింద పెట్టి కుర్చీ పట్టుకున్నాను. ఏటి ఒడ్డున రాయి మీద మా అమ్మాయి కోటు, పక్కన ఎవరూ లేరు, అలా కనిపించింది నాకు. ఇద్దరికీ వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో అసలు సంగతి తేలడానికి పది నిమిషాలు పట్టింది. ఆవిడ ఎక్కడో కొండల్లో యాత్రికులు దిగే ఒక సత్రంలో వంటావిడ. ఎండ బాగుందని మా అమ్మాయి కోటు మేకుకు తగిలించి నలుగురితో కొండెక్కింది. కోటు జిప్పు ఇరుక్కుపోయి ఉంది. బాగుచేద్దామని చూస్తే కాలరు కింద చీటీ కనబడింది. బట్టల షాపు నంబరు కదా, వాళ్లకు తెలుస్తుందని చేసింది.

పెన్సిలు ముల్లుతో జిప్పు పళ్ల మీద రుద్దమన్నాను. ఫోను పెట్టకుండానే రుద్దింది, జిప్పు కదిలింది. ఇద్దరం సంతోషించాం. ఇక నా నోరు ఆగలేదు. ఒక్కతే పిల్ల అన్నాను. పొద్దున ఏమీ తినదన్నాను. రాయితో అయినా మాటలు కలుపుతుందన్నాను. రక్తపరీక్షల చదువు చదివింది, సూది గుచ్చితే గుచ్చినట్టే తెలియదు, అంత మంచి చెయ్యి అన్నాను. అక్కడున్నన్నాళ్లూ ఒక కన్నేసి ఉంచు తల్లీ అని బతిమాలాను. నా కూతురనుకుంటానని ఆవిడ మాటిచ్చింది.

ఏడు వారాల తరువాత ఆ పూట నాకు అన్నం సహించింది. సాయంత్రం మా ఆయనకు చెప్పాను, పిల్లను ఒకరికి అప్పజెప్పానని.

"ఎవరికి? తెలియని మనిషికా?"

"తెలియని మనిషేంటండీ, అరగంట మాట్లాడితే."

ఆయన చాలాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. భుజాలు కదులుతున్నాయి.

అప్పట్నుంచి వంటావిడ వారానికోసారి ఫోను చేసేది. పిల్ల తింటోంది, ఒళ్లు చేసింది, పాలు తాగుతోంది. సత్రంలో ఇన్నాళ్లు ఉండడమేమిటని ఒక్కసారైనా నాకు అనుమానం రావాల్సింది. నాకు మునగడాలూ విరిగిపడడాలూ మాత్రమే అనుమానంగా వస్తాయి.

సోమవారం ఇంకా ఆరు రోజులుందనగా, పదకొండింటికి, మా షాపు తలుపు తోసుకుని మా అమ్మాయి కోటు లోపలికి వచ్చింది. లోపలున్న పిల్ల మా అమ్మాయి కాదు.

సన్నంగా, పొడుగ్గా ఉంది, ముక్కు ఎర్రగా కంది ఉంది, వీపున పెద్ద సంచీ. కాలరు వెనక్కి మడిచి చీటీ చూపించి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కుట్టు నాదే, ఎర్రదారం నాదే. చచ్చిన మనిషి ఒంటి మీద కోటు ఒలుచుకునే వాళ్లుంటారని ఎక్కడో విన్నాను. ఆ పిల్ల ఏదో చెప్పబోతే వినకుండా తలుపుకు లోపల గడియ పెట్టి అమ్మాయికి ఫోను చేశాను. ఎత్తలేదు. ఏడుసార్లు చేశాను. మా ఆయనకు చేస్తే బస్సులో ఉన్నారు.

ఆ పిల్ల స్టూలు మీద కూర్చుంది. గడియ వైపూ నా వైపూ మార్చి మార్చి చూస్తోంది. తనకూ భయం వేస్తోందని కాసేపటికి గానీ నాకు తట్టలేదు. మోకాళ్ల మీద చేతులు వణుకుతున్నాయి. ఏం చేయాలో తోచక, అంచు ఊడదీసిన ప్యాంటొకటి తన ఒళ్లో పెట్టి చేతికి సూదిచ్చాను. ఎందుకని అడగలేదు, కుట్టడం మొదలుపెట్టింది. కుట్లు మహా వంకర. అయినా ఆపలేదు. నేను వెళ్లి గడియ తీశాను.

రెండింటికి అమ్మాయి ఫోను చేసింది.

"అమ్మా, కోటు చేరిందా?"

"కోటు చేరింది. నువ్వెక్కడ?"

"ఆ పిల్లకు కోటు లేదమ్మా, అక్కడ బాగా చలి అన్నాను. మన ఊరి మీదుగానే వెళ్తోంది, అడ్రసు కాలరు కిందే ఉందని చెప్పాను. ఒకటి రెండు రోజులు మనింట్లో ఉంచు."

"నువ్వెక్కడ అని అడుగుతున్నాను."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ఇక్కడ చిన్న ఆసుపత్రి ఉందమ్మా. ఎనిమిది నెలల్నుంచి రక్తం తీసేవాళ్లు లేరు. జ్వరమొస్తే నాలుగు గంటలు కొండ దిగాలి. వంటావిడ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి డాక్టరు ముందు నిలబెట్టింది. సూది గుచ్చితే తెలియదట, వాళ్లమ్మే చెప్పిందని."

వాళ్లమ్మే చెప్పింది. అబద్ధం లేదు.

"చూసుకోమన్నానే. ఉద్యోగం చూడమనలేదు."

"ఒక్క ఏడాది అమ్మా."

"నేనూ నాలుగు రోజులకనే ఈ ఊళ్లో ఆగాను" అన్నాను.

దానికి నవ్వొచ్చినట్టుంది, ఆపుకుంది. కోపమా అని అడిగింది. పొద్దున ఏం తిన్నావని అడిగాను. చెప్పింది. పర్వాలేదు, బాగానే తింటోంది.

ఫోను పెట్టేశాక క్యాలెండరు చూశాను. సోమవారం చుట్టూ గీత చెరిగిపోవడం మొదలైంది. సుద్ద అక్కడే ఉంది, తీయలేదు. మునగలేదు, విరిగిపడలేదు, జ్వరం రాలేదు. నేను భయపడినవాటిలో ఒక్కటి తప్ప ఏదీ జరగలేదు. ఎవరో మంచిగా మాట్లాడారు. మాట్లాడించింది నేను.

మా ఆయన వచ్చేసరికి ఆ పిల్ల రెండో కాలు అంచు కుడుతోంది. ఆయన కోటు చూశారు, పిల్లను చూశారు, నన్ను చూశారు. "ఎన్నో స్టాపులో దిగిందోయ్?" అన్నారు. నేను టీ పెట్టాను.

టీ తాగాక ఆ పిల్లను అడిగాను, మీ అమ్మతో మాట్లాడి ఎన్నాళ్లయిందని. పదిహేను రోజులంది, ఏమంత పెద్ద సంగతి కానట్టు. నంబరు తీసుకుని నేనే చేశాను. అటువైపు ఒక ఆడమనిషి గొంతు, నా గొంతు విని ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. అక్కడ ఆవిడ ఏ కుర్చీనో పట్టుకుని ఉంటుంది. ముందు మీ అమ్మాయి క్షేమంగా ఉందని చెప్పించాను, ఆ తరువాతే నేనెవరో చెప్పించాను. ఆ పిల్లే మధ్యలో ఉండి నా మాట ఆవిడకూ, ఆవిడ మాట నాకూ చెప్పింది. అన్నీ చెప్పిందని నేననుకోను.

కాసేపటికి ఆవిడ గొంతు తేటపడింది, ఇక ఆగలేదు. ఒక్కతే కూతురట. వేళకు తినదట. బొమ్మలు బాగా వేస్తుందట, చిన్నపిల్లలకు నేర్పడంలో మహా ఓపికట. మా వీధి చివర బడివాళ్లు పోయిన నెల నుంచీ అలాంటి మనిషి కోసమే వెతుకుతున్నారు. ఆ సంగతి ఆవిడతో అనలేదు. అక్కడున్నన్నాళ్లూ ఒక కన్నేసి ఉంచమని ఆవిడ అడిగితే, నా కూతురనుకుంటానని మాటిచ్చాను.

పాపం, ఆ పూట ఆవిడకు అన్నం సహించి ఉంటుంది.