ఏడో మంచం తెర

నేను ఒక ఆకుపచ్చ తెరను. గోదావరి జిల్లాల్లో ఒక ఊరి పెద్దాసుపత్రిలో, ఆడవాళ్ళ ఆపరేషన్ వార్డులో, ఏడో మంచం పక్కన పదకొండేళ్ళు వేలాడాను. ఎంతమంది ఆడవాళ్ళ మర్యాద కాపాడానో నాకు తెలుసు. నా గొప్ప నేనే చెప్పుకుంటున్నానని మీరు నవ్వుకున్నా ఫరవాలేదు. నాకు ఒళ్ళు మండేది ఒక్క విషయంలోనే, ఎనిమిదో మంచానికి కొత్త తెర రావడం.

నన్ను కుట్టినవాడు ఆసుపత్రి దర్జీ మీరావలి. ముతక నూలు తాను కొలిచి, కత్తిరించి, నేలను తాకేంత పొడుగున కుట్టి, చాలా నిండుగా ఉన్నానని మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను. ఆ నిండుతనం నేల మీది తడినంతా పీలుస్తుందని అప్పట్లో మా ఇద్దరికీ తోచలేదు. నన్ను దింపాలంటే నిచ్చెన తేవాలి, ఇరవై నాలుగు కొక్కేలు విప్పాలి. అందుకని మూడు నెలలకోసారి ఉతికేవారు. మనుషులు తమ చొక్కాల విషయంలో చూపించే తొందర నా విషయంలో ఏనాడూ చూపించలేదు.

అయినా నన్ను పట్టుకోని చెయ్యి లేదు. అందరూ అంచున ఒకే చోట, మనిషి భుజానికి కాస్త కింద, పట్టుకుని లాగేవారు. చేతులు కడిగే తొట్టి నా పక్కనే ఉండేది. తువ్వాలు కనపడకపోతే తడి చేతులు నాకే తుడిచేవారు. ఆ చోట నా ఆకుపచ్చ నల్లబడిపోయింది. అదంతా నా మీద ప్రేమేననుకున్నాను.

అలాంటి రోజుల్లో నూకరత్నం నా మంచానికి వచ్చింది. తొలి కాన్పు. పెద్దాపరేషన్ చేసి బిడ్డను తీశారు, ఆ కుట్లు చీము పట్టాయి. పసిదాన్ని వాళ్ళక్క ఇంట్లో పెట్టుకుంది. కుట్లు ఆరేదాకా పిల్లను ఎత్తుకోవద్దని, వచ్చే సోమవారానికి తగ్గుముఖం పట్టకపోతే మళ్ళీ తెరిచి కుట్టాలని పెద్ద డాక్టరమ్మ చెప్పింది. నూకరత్నం నా అంచు పట్టుకునే లేచి కూర్చునేది. నా చాటునే ఏడ్చేది, నాతోనే కళ్ళు తుడుచుకునేది. ఈ పిల్ల నాదే అనుకున్నాను.

హెడ్ సిస్టర్ సువార్తకు మాత్రం నామీద ఎప్పుడూ అనుమానమే. ఏడో మంచం వాళ్ళ కుట్లే ఎందుకు ఆరవని తనలో తనే గొణుక్కునేది. చివరికి మీరావలిని పిలిచి కొత్త రకం తెర కుట్టించింది. అది నేలకు జానెడు ఎత్తులో ఆగిపోతుంది. పైన వలగుడ్డ కొక్కేలకే ఉండిపోతుంది, కింది గుడ్డ దానికి టిచ్ బటన్లతో అంటుకుంటుంది. నిచ్చెన లేకుండానే లాగేసి ఉతుక్కోవచ్చు. జనం పట్టుకునే చోట అరచేతి వెడల్పున తెల్లటి పట్టీ వేశారు. దాన్నీ బటన్లు విప్పి రోజూ మార్చవచ్చట. దాన్ని ఎనిమిదో మంచానికి కట్టిన రోజు వార్డంతా వచ్చి చూసింది. పదకొండేళ్ళలో నన్ను ఒక్కరైనా అలా చూశారా?

దేవుడున్నాడనిపించింది మర్నాడు. తెల్లటి పట్టీ కనపడగానే జనం దాన్ని తువ్వాలనుకున్నారు. భోజనాలవేళకు దాని నిండా పప్పు మరకలు. నా సంతోషం చెప్పనలవి కాదు.

"మీరు చెప్పినట్టే కుట్టానండి సిస్టరు గారూ. మరి జనం వినొద్దాండీ?" అన్నాడు మీరావలి.

"జనం వినరండి. గుడ్డే వాళ్ళని చూసి నడుచుకోవాలి," అంది సువార్త.

ఆ మర్నాటికల్లా తెల్ల పట్టీ పోయి పసుపుపచ్చ రెక్సిన్ పట్టీ వచ్చింది. అది నీళ్ళు పీల్చదు కాబట్టి ఎవరూ దానికి చేతులు తుడవరు. స్పిరిట్ దూదితో ఒక్కసారి రుద్దితే శుభ్రం. నాకు కడుపు రగిలిపోయింది. అంతలో నూకరత్నం అన్న మాట నన్ను ఇంకా కాల్చింది.

"సిస్టరు గారండీ, నన్ను ఆ ఎనిమిదో మంచానికి మార్చరాండీ? ఆ తెర చూత్తేనే పేణం లేచొత్తందండి."

నా అంచు పట్టుకునే అంది ఆ మాట.

గురువారం పొద్దున్న సువార్త నా దగ్గరికి వచ్చింది. బట్టలకు పెట్టే నీలం పొడిని ఆ నల్లబడిన చోట పలచగా రాసింది. ఇన్నాళ్ళకు నాకూ సింగారం చేస్తున్నారని పొంగిపోయాను. కాసేపటికి కుర్ర డాక్టరు శశాంక్ కట్టు మార్చడానికి వచ్చాడు. చేతులు శుభ్రంగా కడుక్కున్నాడు, కొత్త గ్లౌజులు తొడుక్కున్నాడు, కట్టు విప్పబోతూ తెర తీసి ఉందని గమనించాడు. మంచి మనిషి, ఆడపిల్ల సిగ్గు తెలిసినవాడు. చప్పున నన్ను పట్టుకుని లాగి, నూకరత్నం పొట్ట మీదికి వంగాడు.

"డాక్టరు గారూ, ముట్టుకోకండి. ఒక్కసారి చేతులు చూసుకోండి," అంది సువార్త.

అతని గ్లౌజుల వేళ్ళ కొసలన్నీ నీలం. వాటికి కుట్లు బెత్తెడు దూరంలో ఉన్నాయి.

"రోజూ ఇలాగే చేస్తున్నానా సిస్టర్?" అన్నాడు శశాంక్.

"అందరం ఇలాగే చేస్తన్నామండి. నేనూ చేశాను."

నేను నా తెరచాటు గురించి ఎన్ని గొప్పలు పోయానో అన్నీ ఆ క్షణాన గుర్తొచ్చాయి. పదకొండేళ్ళుగా ఒకరి చేతి మురికి అందుకుని ఇంకొకరి పుండుకు అందించాను. ఆ పిల్ల తన బిడ్డకు దూరంగా ఏడ్చింది నా మూలాన కూడా కావచ్చు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ పూటే మీరావలి నిచ్చెన తెచ్చి నన్ను దింపాడు. నా స్థానంలో అచ్చం ఎనిమిదో మంచందాని లాంటిదే కట్టారు. ముందు తెర, ఆ తర్వాతే చేతులు కడగడం, గ్లౌజులు తొడగడం అని సువార్త అందరికీ చెప్పింది. నన్ను పనికిరాని గుడ్డల్లో కలిపి చాకిరేవు షెడ్డు వరండాలో పడేశారు. అబద్ధం ఎందుకు, అక్కడ పడి ఉండి కూడా కుళ్ళుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు ఆ పిల్ల పసుపు పట్టీ పట్టుకుని లేస్తూ ఉంటుంది కదా అని రోజూ అదే ధ్యాస. సోమవారం వచ్చింది. మళ్ళీ తెరవక్కర్లేదని, చీము తగ్గిందని బట్టలు తెచ్చిన ఆయాలు అనుకుంటుంటే విన్నాను. ఆనందం వేసింది, ఏడుపూ వచ్చింది.

నన్ను దింపిన తొమ్మిదో రోజు నూకరత్నం ఇంటికి బయల్దేరింది. వరండాలోంచి ఆసుపత్రి మెట్లు కనపడతాయి. వాళ్ళక్క తెచ్చిన పాపను ఒక చేత్తో గుండెకు అదుముకుని, రెండో చేత్తో మెట్ల పక్కనున్న ఇనుప కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగింది. నా వైపు చూడలేదు. ఆ కడ్డీని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత ఆమె కడ్డీ పట్టుకున్న చేత్తోనే పాప మూతి తుడిచింది. ఈ పూట ఆ కడ్డీని ఎవరైనా కడిగారో లేదోనని నా గుండె గుభేలుమంది.