ఇటలీ అవ్వకు రాసిన జాబులు

రెండువేల మూడులో ఇంటర్ పాసైన జ్యోతిలక్ష్మికి నర్సు చదువు చదవాలని ఒకటే పట్టు. వాళ్లది కణేకల్ పక్క పల్లె. తల్లి తిప్పమ్మ కూలికి పోతేగాని పొయ్యి వెలగదు. ఇక దిక్కు ఇటలీ అవ్వే. ఆ మార్తా అవ్వ ఒక సంస్థ ద్వారా ఈ పిల్లను ఒకటో తరగతి నుంచి చదివిస్తోంది. ఎవరో విజిటరు సంస్థ ఆఫీసులో వదిలేసిపోయిన ఇటాలియన్ వ్యాకరణంతో ఏడాదిపాటు కుస్తీపట్టి, ‘ఇంకో మూడేళ్లు ఆదుకో అవ్వా’ అని జ్యోతిలక్ష్మి నేరుగా జాబు రాసింది.

జవాబొచ్చింది. మొదట్లోనే ‘స్క్రివేవి’ అన్న మాట. పుస్తకం తిరగేసింది. దానికి ఇంగ్లీషులో ఒక అర్థం చాలదట. ‘యు వర్ రైటింగ్’ అనొచ్చు, ‘యు యూజ్డ్ టు రైట్’ అనొచ్చు, ఒక్కోచోట ఉత్త ‘యు రోట్’ కూడా సరేనట. ఎందుకింత రాద్ధాంతం! మా సీమలో ‘రాస్తాంటివి’ అంటే అన్నీ అయిపోలేదా? జ్యోతిలక్ష్మికి నవ్వొచ్చింది. ఆ మాటే పెట్టుకుని వాక్యం కూడబలుక్కుంది.

‘నర్సు పని దొరికింది, సుఖంగా ఉండానని జాబు జాబుకూ రాస్తాంటివి కదా తల్లీ. అందుకే నీ బదులు ఇంకో పిల్లను తీసుకున్నా.’

ఒళ్లు భగ్గుమంది. ఆఫీసుకు పరుగెత్తింది.

“ఏమన్నా, నేను నర్సునైనానా? యాడ? ఎవరు రాసినారు నా పేరుతో?”

గుమస్తా దివాకర్ తల కూడా ఎత్తలేదు. “నేనే. వచ్చినప్పుడల్లా తెల్లకాగితం కింద సంతకం చేసి పోతాంటివి, పైన ఎవరో ఒకరు నింపల్ల కదమ్మా? మంచిమాట రాస్తే ఆ యమ్మ సంతోషపడుతుందని సార్లు చెప్పినారు.”

“నా చదువు బూడిదలో పోసినావు కదన్నా!” భోరుమంది.

“అయిపోయిందేదో అయిపోయింది. నీకు ఆ భాష వచ్చంట కదా? ఈడ్నే కూచుని రాయి, జీతం ఇప్పిస్తా.”

“థూ!” అని వచ్చేసింది.

నర్సు స్కూలు గడువు శుక్రవారంతో తీరిపోయింది. జ్యోతిలక్ష్మి తల్లితోపాటు కలుపుకు పోయింది. వాన ముఖం చాటేయడంతో ఆ కూలీ కూడా లేకుండాపోయింది. చచ్చినట్టు దివాకర్ ముందుకే వెళ్లి కూర్చుంది.

అతను ఇచ్చిన మొదటి కాగితం గంగాదేవిది, మార్తా అవ్వ కొత్తగా తీసుకున్న పిల్లది. కింద వంకరటింకర సంతకం, పైనంతా ఖాళీ. ఎనిమిదేళ్ల ఆ పిల్ల బడి మానేసి గొర్లు కాస్తోందని పల్లెంతా ఎరుగుదురు.

‘అవ్వా, నేను బాగా చదువుకుంటున్నాను’ అని జ్యోతిలక్ష్మి తప్పుల్లేని ఇటాలియన్‌లో రాసింది.