గెడ్డ ఆగిన రోజు

నాలుగు రోజులుగా ఒకటే వాన. అంత వానలో తెల్లారేసరికి ఊరి పక్క పారే కొండవాగు, మా గెడ్డ, ఆగిపోయింది. బుద్ధి ఉన్నవాళ్లెవరైనా భయపడాలి. మేం బుట్టలు పట్టుకుని పీతలకు పరిగెత్తాం. రాళ్ల సందుల్లో కొట్టుకుంటున్న చేపల్ని ఏరుకుంటూ నేనూ నవ్వాను. ఇప్పటికీ అది గుర్తొస్తే నన్ను నేనే తిట్టుకుంటాను.

అరుగు మీద మంచంలోంచి మా అత్త యర్రమ్మ అరిచింది. తుంటి విరిగి రెండు నెలలుగా ఆమెకు ఆ మంచమే లోకం.

"ఒలే రత్నా! నీల్లేటైనాయో సూడకుండా పీతలేటే?"

గెడ్డ వెంట పైకెక్కి చూశాను. కొండచరియ జారి గెడ్డకు అడ్డంగా పడింది. దాని వెనక చెరువంత నీరు. కాఫీ తోటలో మిరియాల తీగలు సగం దాకా మునిగాయి. పచ్చి మట్టి, ఎంతసేపు ఆగుతుంది? జి.మాడుగుల వెళ్లే దారి కూడా ఆ చరియతోనే పోయింది. బయటపడాలంటే ఎండిన గెడ్డ దాటి అవతలి గట్టు ఎక్కడమొకటే మార్గం.

ఊళ్లో మిగతా పద్నాలుగు ఇళ్లవాళ్లూ దాటేశారు. అవతలి గట్టు ఒంటి మనిషైనా చేతులూ కాళ్లూ ఆనించి ఎక్కాలి. మంచంతో అయితే గంటసేపు గెడ్డలోనే ఉండాలి. అయినా మోస్తామని నలుగురు వెనక్కి వచ్చారు. అత్త అరుగు స్తంభాన్ని గట్టిగా పట్టుకుంది.

"నా మడులొగ్గి నాను రాను. మీరు బేగి ఎల్లిపొండి."

వాళ్లు మళ్లీ గెడ్డ దాటి వెళ్లిపోయారు. ఆ మడులు ఏడు. కొండవాలున రాయి మీద రాయి పేర్చి ఆమె, మా మావ కట్టుకున్నవి. వరి పొట్ట మీదుంది, నేడో రేపో కంకి వేస్తుంది. ఆమెను వదిలి వెళ్లలేను, మోసుకెళ్లలేను. ఉక్రోషంతో ఏడుపొచ్చింది.

నా మొగుడు ఫల్గుణ గునపం తీశాడు. "అడ్డం పడ్డ సరియని నడిమిన కోసేత్తే నీల్లు పోతాయి."

"మడి గట్టుని ఎవుడైనా నడిమిన కోత్తాడేటి? మొత్తం కొట్టుకుపోద్ది! రాయున్న పక్కన కొయ్యాలి."

నేనలా అన్నాక గానీ అసలు సంగతి నాకు తట్టలేదు. బండ ఉన్నది ఒక్క వైపే. అటు కోస్తే నీళ్లు మా మడుల మీదుగానే దిగి, ఇంటికి దిగువన గెడ్డలో కలవాలి. అమ్మకు చెబుదామన్నాడు ఫల్గుణ. వద్దన్నాను.

బండను ఆనుకుని మూరెడు వెడల్పున కోశాం. కాలి కింద మట్టి కదిలినప్పుడల్లా అయిపోయిందనుకున్నాను. నీళ్లు దిగాయి. మొదటి మడి నిండి గట్టు తెగింది, తర్వాత రెండోది. చూడలేక అటు వీపు పెట్టి తవ్వాను. సాయంత్రానికి మిరియాల తీగలు మొదళ్లతో సహా బయటపడ్డాయి. వాన ఇంకా తెరిపివ్వలేదు, ఊళ్లో ఉండలేం; కానీ ఇప్పుడు మంచంతో గంటసేపు గెడ్డలో ఉన్నా భయం లేదు.

ఇంటికొచ్చేసరికి అత్త కళ్లు మూసుకుని వింటోంది. నీళ్ల చప్పుడు ఎటునుంచి వస్తోందో ఆమెకు ఒకరు చెప్పాలా?

"ఎన్ని పోనాయే?"

"ఏడూ పోనాయత్తా. నానే కోసినాను."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. పొద్దున్నుంచీ పట్టుకున్న స్తంభాన్ని వదిలి, ఆ చెయ్యి నాకు అందించింది.

"మరింకేటుంది? మొయ్యండి, ఎల్దాం."