యాదగిరి జాగ

మా ఇంట్లో చుట్టాల గది ఒకటి ఉంది. అందులో ఇంతవరకు ఏ చుట్టమూ పడుకోలేదు. మంచం మీద ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టలు, మూలన నేను నాలుగు రోజులు నడిచి వదిలేసిన ట్రెడ్‌మిల్, గోడకు ఆనించి కొత్త టీవీ వచ్చిన అట్టపెట్టె. జహీరాబాద్‌లో ఒంటరిగా ఉంటున్న మా ఆడబిడ్డ, దీవెనమ్మ వదినను ఇంటివాళ్లు ఖాళీ చేయమన్నారు. నెలాఖరులోపు ఆమెను మన దగ్గరికి తెచ్చుకుందామని మా ఆయన చంద్రకాంత్ అన్నప్పుడు నేను ఆ గదినే తలుచుకుని, "జాగ ఏడున్నది?" అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. ఆయనతో వచ్చిన చిక్కే అది. తిరిగి ఒక మాట అంటే నేను నాలుగు అనేదాన్ని, నా కోపమూ తీరేది.

ఆ కోపంతోనే సేవాయాత్రకు బయలుదేరాను. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలంలో మా సంగారెడ్డి చర్చి సంఘం స్త్రీల సమాజం ఏటా మూడు రోజులు ఎక్కడికైనా పోతుంది. ఈసారి కాజీపల్లి. అక్కడ కంపెనీ పనివాళ్ల కిరాయి గదుల మధ్య చిన్న ప్రార్థన గది ఉంది. పాస్టరు అయ్యగారు ముందే గట్టిగా చెప్పారు: ఒక్కొక్కరు ఒక్కొక్క ఇంట్లో ఉండాలి, వాళ్లు తిన్నదే తినాలి, వాళ్లు పడుకునే చోటే పడుకోవాలి. నేను దొంగచాటుగా గాలిదిండు ఒకటి సంచిలో కుక్కుకున్నాను.

నన్ను ఓదెలు, రేఖ దంపతుల ఇంట్లో ఉంచారు. ఇల్లంటే ఒకటే గది, ఒక ఫ్యాను. ఓదెలు మందుల కంపెనీలో హెల్పర్. రేఖ ఇంకో కంపెనీ క్యాంటీన్‌లో గిన్నెలు తోముతుంది. ఓదెలు తమ్ముడు యాదగిరి కూడా వాళ్లతోనే ఉంటాడు. అతనికి రాత్రి డ్యూటీ. నేను వెళ్లిన సాయంత్రం అన్నం డబ్బా పట్టుకుని బయలుదేరుతూ, "వందనాలు ఆంటీ" అన్నాడు.

ఆ రాత్రి ఓదెలు నాకోసం బయట పడుకున్నాడు. రేఖ అన్నం వారుస్తుంటే ఉండబట్టలేక అడిగాను.

"ఇద్దరికే ఇరుకు గదమ్మా. మీ మరిదిని ఎట్ల పెట్టుకున్నరు?"

"పెట్టుకునుడేంది ఆంటీ, ఏడికి పోతడు?" అంది రేఖ.

నాకు ఆ జవాబు నచ్చలేదు. అది నా ప్రశ్నకు జవాబే కాదనుకున్నాను.

మర్నాడు తెల్లవారకముందే మొగుడూ పెళ్లాం పనికి పోయారు. నేను మావాళ్లతో కలిసి ఇంటింటికీ తిరిగి ప్రార్థనలు చేశాను. పది గంటలకే ఎండకు తలనొప్పి పట్టుకుంది. గదికి వచ్చేశాను. తలుపు దగ్గరగా వేసి ఉంది, లోపల ఎవరూ లేరు. ఫ్యాను కింద చాప, దాని మీద బొంత, తలవైపు దిండు. రేఖ ఎంత మంచి పిల్ల, నాకోసం పరిచి పోయింది అనుకున్నాను. దేవునికి స్తోత్రం చెప్పుకుని వాలిపోయాను. గాలిదిండు గుర్తుకు కూడా రాలేదు.

లేచేసరికి రెండు దాటింది. తలుపు తీస్తే గడప బయట యాదగిరి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తాగాడనుకున్నాను.

"పట్టపగలు గిట్ల కూసున్నవేంది బిడ్డా, పని లేదా?" అన్నాను. నా గొంతు అప్పుడు ఎలా ఉంటుందో మా ఆయనకు తెలుసు.

"ఉన్నది ఆంటీ. రాత్రి ఎనిమిది గంటలకు" అన్నాడు. "మీరు తిన్నరా?"

మూడున్నరకు రేఖ వచ్చింది. మరిది ముఖం చూసి, లోపల నలిగిన బొంత చూసింది.

"పండుకోలేదా యాదీ?"

"ఆంటీ పండుకున్నది గద వదినా."

అప్పుడు తెలిసింది. ఆ బొంత డ్యూటీ నుంచి వచ్చాక అతను తనకోసం పరుచుకున్నది. నల్లా వచ్చిందని బిందెలు తీసుకుని పోయాడు. తిరిగొచ్చేసరికి నేను గుర్రు పెడుతున్నాను. నాలుగు గంటలు ఆ ఎండలో గడప బయట కూర్చున్నాడు.

"నన్ను లేపొద్దా బిడ్డా?"

"మంచిగ నిద్రల ఉన్నరు" అన్నాడు. "ఒకలు పండుకుంటె జాగ ఏడికి పోతది ఆంటీ? ఇంకొకలు జెరసేపు కూసుంటరు, గంతే."

సిగ్గుతో నా తల లేవలేదు. అతను లోపలికి పోయి పడుకోగానే నేను వెళ్లి అతను కూర్చున్న చోటే కూర్చున్నాను. గోడ ఇంకా పెనంలా కాలుతోంది. గట్టిగా మాట్లాడుతూ పోయేవాళ్లను చేత్తోనే వారించాను. సాయంత్రం ప్రార్థన కూడికకు రమ్మని మావాళ్లు పిలిస్తే పోలేదు. యాదగిరి లేచేదాకా మా చుట్టాల గదిలోని మంచమే కళ్లముందు ఉంది.

ఆఖరి రోజు ప్రార్థన గదిలో సాక్ష్యాలు, దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరు లేచి చెప్పాలి. మాలో ఒకామె లేచి, ఇక్కడి కష్టాలు చూశాక, ఇంట్లో ఏసీ, మెత్తటి పరుపు ఇచ్చిన దేవునికి ఎంత రుణపడి ఉన్నానో అర్థమైందని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. ముందు కూర్చున్న రేఖ కూడా అంది. నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు. నేను ఇంటి దగ్గరే రాసి తెచ్చుకున్న సాక్ష్యం కూడా ఇంచుమించు అదే. ఆ కాగితం సంచిలో గాలిదిండు పక్కన ఉంది. నా వంతు రాగానే అందరికీ వందనాలని చెప్పి కూర్చున్నాను. నేను ఒక్క మాటతో ముగించడం మా సంఘం ఎన్నడూ చూడలేదు.

ఇంటికి రాగానే చుట్టాల గదిలో పడ్డాను. బట్టలు బీరువాలోకి, అట్టపెట్టె పాతసామాన్లవాడికి. ట్రెడ్‌మిల్‌ను ఈడుస్తుంటే మా ఆయన వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. ఎందుకని అడగలేదు. ఆ అడగకపోవడం నాకు మొదటిసారి నచ్చింది. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి వదినకు ఫోన్ చేశాను.

"వదినా, నెలాఖరుదాక ఎందుకు, జల్దీ వచ్చెయ్యి."

"జాగ లేదన్నవట గద ప్రేమలతా" అంది వదిన. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

"జాగ ఉండె వదినా. దాంట్ల నేను పండుకున్న, గంతే."

 వదిన తన కుట్టుమిషను కూడా తెచ్చుకోవచ్చా అని అడిగింది.